ఎడమవైపు గాలి

ఆటోనగర్‌లో రేడియేటర్ల కొట్లు దాటాక
సందు చివర రేకుల షెడ్డు నాది.
పొద్దున్నే వచ్చి చూస్తే గేటు ముందు బస్సు,
వెనక కాళ్లు మడిచిన గేదెలా
ఎడమ పక్కకి ఒరిగి.

బస్సు కాదు, ఇల్లు.
పంతొమ్మిదేళ్లు జనాన్ని మోసిన బండికి
సీట్లు పీకించి, మంచం, పొయ్యి, బారెడు గట్టు పెట్టించుకుని
ఊళ్లు తిరుగుతున్నారు గగారిన్ గారూ, సామ్రాజ్యం గారూ.
ఆయన పుట్టిన వారం వాళ్ల నాన్న పేపర్లో చూసి పెట్టిన పేరట.
రిటైరయ్యేదాకా ఆయన నూజివీడు దాటలేదు.

"రాత్రి నిండుగానే నించుందయ్యా, తెల్లారేసరికి ఇలా.
ఒక ప్యాచీ వేసెయ్,
మధ్యాహ్నానికి సూర్యలంక పోతాం."

ప్యాచీ వేయడానికి ట్యూబు కాదండీ.
బెల్లోస్ అంటాం మేం, డ్రైవర్లు బుడగంటారు.
ఇంటిని మోసేది గాలి.
రబ్బరు చేసే పనల్లా ఆ గాలిని పోనివ్వకపోవడం.

ముందు జాకీ. జాకీని నమ్మను.
చాసీ కింద ఇనప స్టాండ్లు, పక్కన తుమ్మ మొద్దులు.
మా ఉస్తాద్ బాజీ
కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లతోనే
నాకీ లెక్క నేర్పాడు.

మస్తాన్ సబ్బుపొడి గిలక్కొట్టి తెచ్చాడు.
కుడి బుడగకి పూస్తే నురుగు నురుగ్గానే ఆరిపోయింది.
పైపు జాయింట్లు, ఏం లేదు.
లెవెల్ వాల్వు, ఏం లేదు.
ఎడమ బుడగ కింది మడతలో,
రబ్బరు రోజూ ముడుచుకుని విప్పుకునే చోట,
మా అమ్మ మడమల్లాంటి బీటలు.
అక్కడ ఒక్క పొంగు. కాసేపాగి ఇంకోటి,
నిద్రలో చంటిపిల్ల పెదవి మీద ఉమ్మిలా.

గాలి ట్యాంకు కాక్ తిప్పితే
గ్లాసుడు తుప్పు నీళ్లు.
"ఎప్పుడు తీశారండీ?"
"తీయాలా?" అన్నాడాయన.

రెండూ ఒకే ఈడువి. ఎడమదే ఎందుకు పోయింది?
లోపలికెక్కి చూశాను.
కుడివైపు ప్లాస్టిక్ కుర్చీ, పాత పేపర్లు.
ఎడమవైపు మంచం కింద
రెండు బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీ,
రాతి గ్రైండరు, రోలూ పొత్రంతో సహా.
"వద్దని ఎన్నిసార్లు చెప్పానో."
"మిక్సీ పిండి అట్లు మీరు ముట్టుకుంటారా?"
నేనెవరి పక్షమూ కాదు.
బరువెక్కడుందో అడగడం వరకే నా పని.

"చప్పుడేమీ వినపళ్లేదా అమ్మా, ఇన్నాళ్లూ?"
సామ్రాజ్యం గారు చీపురు పక్కన పెట్టారు.
"వినపడేది. మూడు నెలల్నించీ.
అర్ధరాత్రి మెలకువొస్తే ఇస్సు... ఇస్సుమని.
ఈయన ఊపిరనుకున్నా.
ఆడుతోందిలే అని అటు తిరిగి పడుకునేదాన్ని."

గగారిన్ గారు స్టాండు మొద్దు వైపు చూస్తూ నిలబడ్డారు.
మస్తాన్‌కి ఏదో పానా గుర్తొచ్చి బయటికెళ్లాడు.

కొత్తవి గుంటూరు నించి రావాలి, జతగానే వేయాలి.
ఒకటి కొత్తదీ ఒకటి ముసలిదీ అయితే
మోతలో పేచీ వస్తుంది.
ఆ రాత్రి మొద్దుల మీదే పడుకున్నారు,
ఊగని ఇంట్లో.

మర్నాడు సాయంత్రం ఇంజను వేశాం.
ముల్లు మెల్లగా పైకి జరిగింది.
బండి నడుము పట్టుకుంటూ పట్టుకుంటూ లేచింది.
ఆవిడ గట్టు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి
ఒంగి చూశారు. మట్టం సరిపోయింది.
గ్రైండరిప్పుడు నడవలో, సరిగ్గా ఇరుసు మీద.
గగారిన్ గారికి దాన్ని దాటాలంటే లుంగీ ఎత్తుకోవాలి.

"ఇక చప్పుడుండదా?" అడిగారావిడ.
"ఉండకూడదండీ."
"అయితే," కాస్త ఆగి,
"రాత్రుళ్లు లేచి చూసుకోవాలన్నమాట."

బిల్లు వెనక రాసిచ్చాను:
వారానికోసారి ట్యాంకు నీళ్లు తీయాలి.
మడతల్లో ఇసక కడగాలి.
కిందికి మాత్రం దూరొద్దు.