ఏ ముడి

బీచ్ రోడ్డులో కొత్త హోటల్,
లోపలి గోడ ఇరవై అడుగులు.
"ఏదైనా పురాణం వెయ్యండి మేడమ్,
సముద్రం ఉండాలి, సోఫాల రంగుకి కలవాలి"
అన్నాడు మేనేజరు.
అడ్వాన్సు తీసుకున్నాను.
అది అద్దెకి పోయింది.
గోడ మాత్రం అలాగే తెల్లగా
రోజూ నా నిద్రలోకి వచ్చి నిలబడేది.

వెతకని చోటు లేదు.
సింహాచలం మెట్లెక్కాను.
ఏడాదంతా చందనం కప్పుకుని
ఒక్కరోజు మాత్రం నిజరూపం చూపించే దేవుడు
నాకేమీ చూపించలేదు,
నేను వెళ్లింది ఆ రోజు కాదు.
ఏటికొప్పాక వెళ్లాను.
తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క ఆనిస్తే
రంగు తనంతట తానే పాకుతుంది.
కళ్లు నిండాయి గాని
చెయ్యి ఖాళీగానే ఇంటికొచ్చింది.
ఎర్రమట్టి దిబ్బల్లో వాన కోసిన చారలు
నోట్‌బుక్కులోకి ఎత్తుకొచ్చాను.
బల్ల మీద పెడితే
ఉత్త గీతలు.

చివరికి మత్స్యావతారం అనుకున్నాను.
ప్రళయం, పడవ, పడవలో విత్తనాలూ ఋషులూ,
చేప కొమ్ముకి వాసుకి తాడు.
స్కెచ్ చుట్టి చంకన పెట్టుకుని
ఫిషింగ్ హార్బరుకి వెళ్లాను,
పడవ ఒంపు సరిచూసుకుందామని.

డీజిలు, ఉప్పు, రొయ్యపొట్టు కంపు.
ఐసు మర చప్పుడు.
డాల్ఫిన్ నోస్ మీంచి జారుతున్న ఎండ.
నీలం వలగుట్ట మధ్య మైలపల్లి పారమ్మ
కాలి బొటనవేలికి వల తగిలించి
చిరుగులు కడుతోంది.
నా బొమ్మ వంక చూసింది.
చేపని చూడలేదు, ఋషుల్ని చూడలేదు.
"పామునేటి తాడు సేసేరు?"
"అవునమ్మా."
"ఏ ముడేసేరు?"

నా దగ్గర జవాబు లేదు.
కొమ్ము దగ్గర నేను
నాలుగు నురగ చుక్కలు పెట్టి తప్పించుకున్నాను.
నేను చూసిన బొమ్మలన్నిటిలోనూ
సరిగ్గా అక్కడే
ఏదో ఒక మబ్బు, ఏదో ఒక అల.

"తడిసిన నైలానే నిలవదు గదా పాపా,
పాము మరీ జారుడు.
పైగా దానికి పేణమున్నాది.
బిగిస్తే నొచ్చుకుంటది, ఒదిలితే లోకం పోద్ది.
కట్టినోడికి తెలిసుండాల."
తెగిన తాడొకటి తీసి
జెట్టీ ఇనప గుంజకి ఒక చుట్టు,
వెనక్కి ఇంకో చుట్టు,
కింద నుంచి తల దూర్చి
తలకింద తోకని తొక్కిపెట్టి
లాగింది.
లాగేకొద్దీ బిగిసింది.
వేలితో మీటితే ఊడింది.
ఎంతసేపు?
తల్లో దువ్వెన తీసి మళ్లీ పెట్టుకున్నంత.

ఆ రాత్రి గోడ మీద ముందు ముడి వేశాను,
మనిషంత ముడి.
తర్వాత కొమ్ము దానంతటదే మొలిచింది.
కొమ్ము వెనక చేప, చేప లాగితే పడవ,
పడవ ఊగితే నీళ్లు.
వాసుకి పొలుసులకి లక్క ఎరుపు ఎప్పుడెక్కిందో,
నీళ్ల అడుగున ఎర్రమట్టి చారలు ఎలా దిగాయో,
ఋషుల ఒంటికి ఆ చందనం ఎవరు పూశారో
నన్నడగొద్దు.

మేనేజరు ముడి దగ్గర ఆగాడు.
"బాగుంది మేడమ్, ఇక్కడ మన లోగో పెట్టొచ్చా?"

పారమ్మని ఆటోలో తీసుకొచ్చాను.
చెప్పులు బయటే విడిచి
చల్లటి పాలరాతి మీద
కాలివేళ్లు ముడుచుకుని నిలబడింది.
చాలాసేపు చూసింది. నవ్వింది.
"ఇది జారిపోద్ది పాపా."
మొదటి చుట్టు నా వైపు నుంచి వేశానట,
రెండోది తన వైపు నుంచి.
ఆ రోజు ఎదురుగా కూచున్నాను కదా.
"రేపు రా. ఈపాలి ఎదర కాదు,
నా పక్కన కూకో."

నిచ్చెన ఇంకా గోడకే ఉంది.
చేప కొమ్ము దగ్గర
మనిషంత మేర
మళ్లీ తెల్లరంగు కొట్టాను.