కోయని పుటలు

ఇరవై గ్రంథాలు కావాలన్నారు ప్రొఫెసర్ కిటేరియా.
ఒక్కోదాని కింద నాలుగు ముక్కలు:
ఏం చెప్పింది, ఎవరు చెప్పారు, ఎంత నమ్మొచ్చు,
నీకెందుకు.
ఆ నాలుగోది మాత్రం ఆవిడ
పెన్నుకి మూత పెట్టి మరీ అడుగుతారు.

నా అంశం అవేరో ఉప్పు మడులు.
గురువారం రాత్రికి పదిహేడయ్యాయి.
బయట ఫిబ్రవరి వాన, డబ్బాలో కాఫీ అడుగంటింది.
కేటలాగులో పేరు చూసి, అధ్యాయాల జాబితా చూసి
పద్దెనిమిదోది రాసేశాను:
"ఉప్పు మడుల శ్రమ మీద సమగ్రమైన గ్రంథం.
స్త్రీల పాత్రను లోతుగా చర్చించింది.
తప్పక చదవాల్సినది."

చదవాల్సినదే. నేను చదవలేదు, అంతే.

శుక్రవారం, పుట సంఖ్య ఒకటి సరిచూసుకుందామని
గ్రంథాలయానికి వెళ్లాను.
బెల్మీరో గారు లోపలి గదిలోంచి తెచ్చి
నా తడి గొడుక్కి దూరంగా పెట్టారు పుస్తకాన్ని.
తెరవబోతే తెరుచుకోలేదు.
అచ్చయిన కాగితం మడిచింది మడిచినట్టే,
అంచులు అంటిపెట్టుకుని.
తొంభై ఏళ్లుగా ఎవరూ కోయలేదు.

ఆయన నా కాగితాన్ని తలకిందులుగానే చదివారు.
గ్రంథపాలకులకి ఆ విద్య వస్తుంది.
"సమగ్రమైన" దగ్గర కళ్లజోడు ఆగింది.
ఏమీ అనలేదు.
సొరుగులోంచి ఎముక కత్తి తీసి
పిడి నా వైపు తిప్పి పెట్టారు,
పప్పులో కాలేసినవాళ్లకి
కడుక్కోడానికి చెంబు అందించినట్టు.

మొదటి మడత తెగిన చప్పుడుకి
పక్క బల్ల కుర్రాడు తలెత్తాడు.
తర్వాత చెయ్యి కుదిరింది.
కత్తిని పడుకోబెట్టాలి, తొందరపడకూడదు.
మడిలో ఉప్పు తీసేవాళ్లూ ఇంతేనట,
పలకతో పైపొర మాత్రం లాగుతారట,
కింద బురద లేవకుండా. ముప్పై నాలుగో పుట.

ఆడవాళ్ల కోసం వెతికాను.
పడవల కొలతలు, గాలుల పేర్లు, పన్నుల పట్టికలు,
మగవాళ్ల కూలి నాణెం తేడా లేకుండా.
నూట తొమ్మిదో పుట అడుగున,
చీమతలకాయంత అక్షరాల్లో:
"పడవల్లోకి ఉప్పు మోసినది ఆడవాళ్లు.
వారి లెక్క ఉంచలేదు."

అదీ ఆ లోతు.

రాత్రి కొట్టేసి మళ్లీ రాశాను:
"ఈ గ్రంథానికి ఉప్పు బరువు తెలుసు,
ఎవరి తల మీదో తెలియదు.
కొలతల వరకు నమ్మొచ్చు.
నాకెందుకంటే, నా ప్రశ్న
నూట తొమ్మిదో పుట అడుగునే మొదలవుతుంది.
ఈ ప్రతిని నాకంటే ముందు ఎవరూ చదవలేదు."

ఇంకా రెండు గ్రంథాలు బాకీ. అలాగే ఇచ్చేశాను.

బుధవారం కాగితం తిరిగొచ్చింది.
బాకీ గురించి ఒక్క మాట లేదు.
చివరి వాక్యం కింద ఎర్ర గీత:
"ఆధారం?"

ఉతకని స్వెట్టర్ చేతి అంచున
ఇంకా ఉంది పుటల పొట్టు.
ఉప్పులా ఉందని రాయాలనిపించింది.
పాత కాగితం కదా, పసుపుగానే ఉంది.
దులపకుండా
ఆవిడ గది తలుపు తట్టాను.