బంతి మీద సంవత్సరం

నలభై ఒక్క సావనీర్లు సార్,
లెక్కపెట్టుకొనే తీసుకున్నా.
డెబ్బై ఎనిమిదిది లేదు.
ఆ యేడు టోర్నమెంటు జరగలేదో,
ఎవరింట్లోనైనా దబర కింద పడి మసయిందో
మీకే తెలియల్ల.

"అన్నీ కలిపి ఒకే బుక్కుగా కుట్టీమ్మా" అని
మీరు బల్ల మీద పెట్టి పోయినాక
జిగురు ఉడికేదాకా తిరగేసినా.

మొదటిదానికి అట్ట కూడా లేదు.
గుంతకల్లు రైల్వే జట్టు, పదకొండు పేర్లు,
పేరు పక్కన ఉద్యోగం:
ఫైర్‌మన్, పాయింట్స్‌మన్, టికెట్ కలెక్టరు.
బుట్టలో బంతి వేసినందుకు
ఒకటో తారీఖు జీతమిచ్చిన కాలం.

వన్నూరప్పను చూడండి.
అరవై తొమ్మిదిలో వెనక వరసలో, కొసాకు,
బనీను భుజం మీంచి జారతా ఉంది.
డెబ్బై నాలుగుకు మధ్యలోకి జరిగినాడు.
డెబ్బై తొమ్మిదిలో కుర్చీ దొరికింది.
ఎనభై ఆరులో అదే కుర్చీ, పొట్ట, మెడలో ఈల.
ఎనభై ఎనిమిదిలో పేజీకంతా ఒక్కడే,
చుట్టూ నల్లగీత.

ఆటకన్నా ప్రకటనలే ఎక్కువ చదివినా, కోప్పడొద్దు.
నూనె మిల్లు ఫోను నెంబరు ముప్పై ఏడు.
అంతే, రెండంకెలు.
తర్వాత మూడు, తర్వాత ఐదు,
తర్వాత మిల్లే లేదు.
బోరుబండి కంపెనీ మాత్రం ప్రతి యేడూ
చివరట్ట మీద శుభాకాంక్షలు చెప్తానే ఉంది:
నూటయాభై అడుగులకు నీళ్లు గ్యారంటీ.
నాలుగొందలకు గ్యారంటీ.
వెయ్యి అడుగుల దాకా వేయబడును.
గ్యారంటీ అన్న మాట యాడ రాలిపోయిందో
వెనక్కి తిప్పి వెదికినా.

ఎనభై రెండు ఫైనల్ పేజీలో
ఎవరో పెన్సిలుతో బుట్టకొక గీత పెట్టుకున్నారు.
అరవై ఒకటి, అరవై ఒకటి.
అక్కడ కరెంటు పోయినట్టుంది.
ఎవరు గెలిచిరో మరుసటేడు పుస్తకంలో ఉంటుంది,
చూడబుద్ధి కాలేదు.

ఇంక బంతి సంగతి.
ప్రతి ఫోటోలో కెప్టెన్ పాదాల మధ్య
ఒక తోలుబంతి, దాని మీద తెల్లరంగుతో సంవత్సరం.
ఏడుకు నడుమున అడ్డగీత,
తొమ్మిదికి తోక లోపలికి మడిచి.
మా నాయన అట్లే రాసేవాడు సార్.
గోడ మీద పాల లెక్కయినా అట్లే.

రెండో గేటు కాడ చెప్పులు కుట్టే నెట్టికంటప్ప.
మీ బంతులు పిగిలితే ఆయన దగ్గరికే వచ్చేవి,
రాత్రి మా ఇంట్లో, మా తలల పక్కన పండుకొనేవి.
ఫోటో నాడు పాత అంకె గీకి కొత్త అంకె వేసేవాడు.
తొమ్మిదేండ్లు అదే బంతి.
కృతజ్ఞతల పేజీలో
మంచినీళ్ల పందిరి దాతలున్నారు,
మైకుసెట్టు ఉంది,
పెద్దసారు ఇంటావిడ ఉన్నారు.

తొంభైలో రబ్బరు బంతి వచ్చింది.
దాని మీద అంకెలు ప్రెస్సోళ్లే వేసినారు,
నున్నగా, ఎవరి చేతివీ కాని అంకెలు.
నాయన ఆ యేడు కూడా రంగుడబ్బా మూత తీసినాడు.
కాసేపు చూసి
మా చెల్లెలి పలకకు అంచు దిద్దినాడు.

నేను తోలు వదిలి కాగితానికి వచ్చినా.
ఆరె ఆయనదే, పిడి మార్పించుకున్నా.

చిక్కేమంటే సార్,
గ్రూపు ఫోటోలన్నీ నడిమి పేజీలో వేసినారు,
రెండు పక్కలా పరిచి.
కెప్టెన్ నడుమ, బంతి సరిగ్గా మడతలో.
తుప్పు పట్టిన పిన్నులు పీకేసినా,
కుట్టు పడాల్సింది అక్కడే.
పక్కకు జరిపితే పేజీలు ఊడొస్తాయి.

పొద్దున్నించి ఆరె పట్టుకొని కూర్చున్నా.
మధ్యాన్నం దారానికి మైనం రాసి,
పంతొమ్మిదికీ అరవై తొమ్మిదికీ నడుమ
దించినా.
తోలు చప్పుడు రాలేదు.
ఎందుకొస్తాది, కాగితం కదా.

గురువారం రండి.
మూడొందల యాభై అవుతుంది.
బంతి కుట్టినందుకు వేరే ఏం లేదు.
డెబ్బై ఎనిమిది దొరికితే తెండి,
దాని మందం వదిలే కుట్టినా.