వెనకవైపు

కొచ్కోర్‌లో మా కొట్టు ఇరుకు.
ఒత్తిన ఉన్ని షిర్దక్‌లు మడిచి పేర్చాక
మనిషి పక్కకి తిరిగి నడవాల్సిందే.
తెరమీది కొట్టు విశాలం అనుకున్నాం.
గడప లేదు, మెట్లు లేవు,
ఎవరైనా రావచ్చు అనుకున్నాం.

బెర్గెన్ నుంచి ఫోన్ చేసిందొకావిడ, పేరు సోల్‌ఫ్రిడ్.
పియానోలకు శ్రుతి చేస్తుందట. చూపు లేదు.
తెరని ఆమెకో యంత్రం చదివి వినిపిస్తుంది.
"మీ దగ్గర నలభై రెండు సరుకులున్నాయి,
నలభై రెండింటికీ ఒకటే పేరు:
బొమ్మ. బొమ్మ. బొమ్మ.
ఇందాకట్నుంచి మీ గోడ తడుముతున్నాను,
తలుపెక్కడో చెబుదురూ?" అంది.
నవ్వుతూనే అంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అంతకు ముందేడు ఇంకో సంగతి.
మా తాళం మాట, సాయ్‌రాగుల్ ఎజె కుక్క పేరు.
ఆ పేరు పెట్టి ఊరంతా దాన్ని పిలుస్తుంది,
గోడమీద సుద్దతో రాసి కూడా ఉంది.
ఎవడో ఎక్కడో కూర్చుని దూరాడు,
డబ్బు కట్టే చోట తన జోలె తగిలించాడు.
లియోన్‌లో పెళ్లికొడుకొకడు మోసపోయాడు.
అతనికి తివాచీ మేమే పంపాం, ఊరికే.
ఎజె మూడు రోజులు
టీలో ఉప్పు వేయడం మరిచిపోయింది.

ఇప్పుడు తాళం మాట నాకే నోరు తిరగదు.
రెండో తాళం ఫోన్లో మోగుతుంది.
కుక్క పేరు కుక్కకే మిగిలింది.

తగ్గింపు ధర అంటూ మిణుకు మిణుకుమనే పలకని
తీసేద్దామంటే ఎర్మెక్ అలిగాడు, వాడు చేసిందది.
"ఆ మెరుపుకి మూర్ఛ వచ్చేవాళ్లుంటారు" అన్నాను.
వాడేమీ అనలేదు. వాడి చెల్లెలు గుర్తొచ్చినట్టుంది.
తనే చెరిపేశాడు.
బూడిదరంగు అక్షరాలకి నల్లరంగు కూడా
అడక్కుండానే పూశాడు.

ఇక ఆ నలభై రెండు.
మొదటిదానికి రాశాను:
ఎర్ర తివాచీ, కొమ్ముల నగిషీ.
ఎజె కళ్లద్దాల పైనుంచి చూసింది.
"ఏ ఎరుపు? ఎవరి కొమ్ములు?"
పొట్టేలువి, ఎజె.
"మేసే పొట్టేలా, కుమ్మే పొట్టేలా?"
నాకు తెలియదు. పదేళ్లుగా అమ్ముతున్నాను.

కళ్లు మూసుకోమంది.
నా చేయి పట్టుకుని ఉన్ని మీద పెట్టింది.
గట్టు తగిలింది, గట్టు దిగితే పల్లం,
పల్లంలో వేలు దానంతటదే తిరిగింది.
ఆ రాత్రి కొట్టేసి మళ్లీ రాశాను:
"అరచేయంత వంపు. లోపలికి చుట్టుకుని ఆగుతుంది,
పడుకునే ముందు కుక్క తిరిగినట్టు.
అంచు తాడు గరుకు.
ఎరుపంటే, పొయ్యి ఆరిన గంటకి
ఇటుక మీద చేయి పెడితే తెలిసేది."

మూడు వారాలు పట్టింది.
ముప్పై ఒకటోది బద్ధకంగా రాశాను, ఒప్పుకుంటాను.

సోల్‌ఫ్రిడ్ మళ్లీ చేసింది.
"అన్నీ విన్నాను. బావుంది.
మరి వెనకవైపు ఏముంది?"

చూపున్నవాళ్లెవరూ అడగలేదు ఇన్నాళ్లూ.
తిరగేశాం.
రంగు లేదు. మాసిన మంచు లాంటి ఉన్ని,
దానిమీద కుట్ల బాట మాత్రం నడిచి వెళ్లింది.
ఎజె వేలుతో దాని వెంట పోతూ,
"ఇక్కడ కుట్లు బిగుతు చూడు,
జిపార్‌తో నేను మాటలు మానేసిన వారం.
ఇదిగో ఇక్కడ వదులయ్యాయి.
ఆ సాయంత్రం అదే వచ్చింది, రొట్టె పట్టుకుని."

రాయనా? అన్నాను.
వద్దంది.
టీ పోసుకుంది, ఉప్పు వేసుకుంది.
"రాయి. జిపార్ పేరు మాత్రం వద్దు.
దానికీ ఒక తాళం ఉండాలి కదా."

ఇప్పుడు ప్రతి సరుకు కిందా రెండు మాటలుంటాయి,
ముందు, వెనక.
సోల్‌ఫ్రిడ్ ఇంతవరకూ ఏదీ కొనలేదు.
వారానికోసారి వచ్చి పోతుంది,
వెనకవైపు నుంచి.