కచ్చా కుట్టు

ఫిబ్రవరితో ఇక్కడ వేట ముగుస్తుంది.
కుందేళ్ళకి ఊపిరి, వేటకుక్కలకి గండం.
పరుగు తగ్గినవాటిని ఆలివ్ తోటల్లో దించేసి పోతారు.
కారు వెనకాల అవి ఎలా పరుగెత్తుతాయని!
ఒక్కసారి అద్దంలో చూసుంటే
ఉంచుకునేవాడేమో ఆ మనిషి.

నెరేయా దీన్ని తెచ్చిన రాత్రి మెరిదా అంతా వాన.
"పదిహేను రోజులే, యులాలియా" అంది.
ఆమె పదిహేను రోజులు ఎన్ని రోజులో
పదిసార్లు లెక్కపెట్టినదాన్ని.
గడప మీద నీళ్ళోడుతూ
నాలుగు పుల్లలు, ఒక పక్కటెముకల బుట్ట.
మెడ మీద, చిప్పు తవ్వి తీసేసిన చోట
చీము పట్టిన చిన్న గుంట.

నాది మూడో అంతస్తు. దానికి మెట్లంటే ఏమిటో తెలియదు.
నలభై ఏళ్ళు గ్యాసు బండలు మోసిన కాసిమీరో
విసుక్కుంటూనే తలుపు తీశాడు,
భుజాన వేసుకుని ఎక్కించాడు.
"ఖాళీ బండ" అన్నాడు, దింపుతూ.

పోగు అని పిలిచాను.
కత్తెర కింద రాలిన దారప్పోగులా
ఏ గాలికైనా మూలకి కొట్టుకుపోయేది మరి.
చీపురు చూస్తే మూత్రం.
మగవాళ్ళ బూట్ల చప్పుడైతే
గోడలోకి దూరిపోదామన్నంత వణుకు.
దీపం ఆర్పాకే తిండి.

తొమ్మిదో రాత్రి
ఒక లాయరు నల్లకోటు ముందేసుకుని మిషను తొక్కుతుంటే
టేబుల్ కింద ఏదో బరువు నా మడమకి ఆనింది.
పోగు నిద్రపోయింది.
కోటు పూర్తయింది. కాలు ఆపితే లేస్తుంది.
దారం తీసేసి, గుడ్డ తీసేసి,
రెండింటిదాకా ఉత్తి మిషను తొక్కాను.
ఆ తరవాత రోజూ అదే.

"ఉంచేసుకోరాదూ" అన్నాడు కాసిమీరో,
మెట్టుకో మాంసం ముక్క పెట్టి
దానికి దిగడం నేర్పుతూ.
ఎలా చెప్పను ఆయనకి?
కచ్చా కుట్టుకి ముడి వెయ్యకూడదు.
నల్లగుడ్డ మీద తెల్లదారం, అంగుళమంత కుట్లు.
కనబడుతూ ఉండాలి, రేపు లాగెయ్యాలి కనక.
అసలు కుట్టు పడేదాకా
రెండు ముక్కల్ని జారిపోకుండా పట్టుకోవడం, అంతే.
కోర్టులో ఏ లాయరూ
కోటు తిరగేసి దాని కోసం వెతకడు.

పెద్ద మాటలే.
ఐదోదానికి లేని దగ్గు అంటగట్టి
పదకొండు రోజులు ఎక్కువ దాచుకున్నాను.
నెరేయాకి ఇప్పటికీ చెప్పలేదు.

మే నెలలో వచ్చారు, ఉట్రెక్ట్ నుంచి, ఇద్దరు.
ఆమె చాలా మాట్లాడింది, నాకు సగం అర్థం కాలేదు.
అతను, వౌటర్,
ఎవరూ చెప్పకుండానే బూట్లు బయట విప్పి
నేల మీద కూచున్నాడు, దానివైపు చూడకుండా.
గంట గడిచింది. కాఫీ చల్లారింది.
పోగు లేచి వెళ్ళి
అతని మేజోడు వాసన చూసింది.
నేను వంటింట్లోకి వెళ్ళి
కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

నా పాత జాకెట్టు ఎడమ చెయ్యి కత్తిరించి
సంచిలో పెట్టాను, దారిలో వాసనకి.
వ్యానులోకి ఎత్తింది కాసిమీరోనే.
"నిండు బండ" అన్నాడు,
నడుం పట్టుకుని, మొహం తిప్పుకుని.

జూన్‌లో ఫోటో వచ్చింది.
నీలం సోఫా మీద వెల్లకిలా, నాలుగు కాళ్ళూ ఆకాశానికి.
పేరు మార్చారట, నా నోరు తిరగదు.
సూదిలోకి దారం ఎక్కించుకునే భూతద్దం తెచ్చి
మూలమూలా వెతికాను.
జాకెట్టు చెయ్యి ఎక్కడా లేదు.

మంచిదే.

ఇవాళ టేబుల్ కింద ఎవరూ లేరు.
నెరేయా ఇంకా ఫోను చెయ్యలేదు.
దీపం ఆర్పి, దారం తీసి,
కాసేపు మిషను తొక్కాను.
నాకూ నిద్ర పట్టాలిగా.