మూడో గడి

నా పని దయ్యాలతో కాదు, ఫోన్లతో.
గాజు అద్దానికి ఇవతల రెండు లైన్లు, ఒక నోటుపుస్తకం.
పేజీకి మూడు గళ్ళు గీసేదాన్ని, స్కేలు పెట్టి:
పేరు. ఏరియా. ఏం కనిపించింది.

అద్దానికి అవతల తిరువేంగళం గారు.
పగలు ప్యారీస్ కార్నర్‌లో బ్యాంకు గుమాస్తా,
రాత్రి పన్నెండు కొట్టాక
మద్రాసు తెలుగువాళ్ళ భయాలు జమకట్టుకునేవాడు.
మైకు ముందు చెప్పులు విప్పి కూర్చునేవాడు.
ఎందుకు సార్ అంటే
"ఒకరింట్లోకి వెళ్తూ విప్పమా అమ్మాయ్" అన్నాడు.

మొదటి ఏడాది మూడో గడి చాలేది కాదు.
రాత మార్జిన్‌లోకి ఎక్కేది, పేజీ వెనక్కి తిరిగేది.
వ్యాసర్పాడి మునెమ్మకి
ఎప్పుడో మూతపడ్డ మిల్లు సైరను వినపడేది తెల్లవారుజామున.
లేచి, పోయిన మొగుడికి క్యారియర్ సర్దేది,
మూడో గిన్నె దగ్గర గుర్తొచ్చేది.
పెద్దాస్పత్రి శవాలగది కాపలా దానియేలు
"పద్దెనిమిదేళ్ళు సార్, ఇప్పటిదాకా ఏమీ కనపడలా.
అదే భయంగా ఉంది" అన్నాడు.
రాయపురం ఐసు ఫ్యాక్టరీ నుంచి ఒకతను, పేరు చెప్పలేదు,
ఐసు దిమ్మలో చెయ్యి చూశానన్నాడు,
దానికి తన పెళ్ళి ఉంగరం.
తిరువేంగళం గారు నవ్వలేదు, బెదరలేదు.
"ఏ వేలికుంది నాయనా?"
అవతల్నుంచి జవాబు లేదు. నిమిషం గడిచింది.
ఆ నిమిషాన్ని అలాగే ఊరంతా వినిపించాం.
అప్పటికింకా నిశ్శబ్దానికి రేటు కట్టలేదు.

మూడో ఏడు తలనొప్పి మందువాళ్ళొచ్చారు.
వాళ్ళ డబ్బుతో ఒక బటన్ల పెట్టె:
నక్క ఊళ, తలుపు కిర్రు, గజ్జెలు రెండు రకాలు.
మునెమ్మ సైరను గురించి చెబుతుంటే
కుర్రాడెవడో గజ్జెలు నొక్కాడు.
"అయ్యో, అదేం చప్పుడయ్యా?" అని జడుసుకుంది.
అన్నాళ్ళలో ఆమె భయపడగా వినడం అదే మొదలు.
మళ్ళీ చెయ్యలేదు.

కథలు చప్పగా ఉన్నాయన్నాడు మేనేజరు.
లైను కలిపే ముందు కాలర్ల చెవిలో వెయ్యమన్నాడు:
కాస్త తెల్లచీర కలపండి, నిమ్మకాయలు కలపండి.
వేశాను. నా జీతం పెరిగింది అప్పుడే.
ఇది దాచి మిగతాదంతా రాస్తే ఏం లాభం.
మూడో గడి చిక్కిపోయింది:
తె.చీ.
తె.చీ.
నిమ్మ.
తె.చీ.
ఒక బుధవారం తిరువేంగళం గారు చెప్పులు విప్పలేదు.
నెలాఖరుకి మానేశాడు.

తర్వాత ఆర్జే రాకీ. అసలు పేరు కోదండపాణి.
మైకులో ఊపిరి పీల్చడానికే అతనికి జీతం అనుకునేదాన్ని.
నీళ్ళొచ్చిన డిసెంబరులో
కరెంటు లేదు, జనరేటరు మీద మేమొక్కళ్ళం.
డాబాల మీంచి ఫోన్లు. ఎవరూ దయ్యం ఊసెత్తలేదు.
రాకీ గొంతు మామూలు గొంతైపోయింది,
తడిసిన బూట్లు విప్పి కూర్చున్నాడు.
(కారణం వేరే, నాకు తెలుసు.)
ఆ మూడు రాత్రులూ మూడో గడిలో రాశాను:
మోకాలు. నడుము.
మెట్లమీద ఆరోది.
పాప జ్వరం, సైదాపేట, పడవ కావాలి.

నీళ్ళు తీశాక మళ్ళీ గజ్జెలు పెడదామన్నారు.
అవి ఎవరికీ పట్టలేదు.
వేళచ్చేరి హాస్టళ్ళ నుంచి పిల్లలు చేసేవాళ్ళు,
షిఫ్టు దిగి, నిద్ర రాక.
ఏం కనిపించిందమ్మా?
"ఏం లేదు మేడం. రూమ్మేట్ ఊరెళ్ళింది."
అది ఏ గడిలో రాయాలో తెలీక
ఏరియా కింద రాసేదాన్ని.

ఇప్పుడు షో ముందే రికార్డు చేసి ఎక్కిస్తున్నారు.
ఎవరి చెవుల్లో వాళ్ళు, ఎప్పుడంటే అప్పుడు, ఒంటిగంటన్నర వేగంతో.
ఫోన్లతో పని లేదు. నాతోనూ.

వైర్లు పీకే ముందురోజు రాత్రి సామాన్లు సర్దుతుంటే
రెండో లైను మోగింది.
"అమ్మా, దానియేల్ని. రిటైరయ్యాను.
నిన్న కనిపించింది."
కాసేపాగి, "నేను రేడియోలో వస్తున్నానా?" అన్నాడు.
వస్తున్నారన్నాను.
అద్దానికి అవతల కుర్చీ ఖాళీ, ఎర్రలైటు ఆరి ఉంది.
నలభై నిమిషాలు చెప్పాడు.
నేను ఒక్కటే అడిగాను, ఏ పక్క నిలబడిందని.

అతను చూసిందేమిటో ఇక్కడ రాయను.
మార్జిన్ దాటింది,
పేజీ వెనక్కి తిరిగింది.