స్టేజీకొకటి

మా రాగికి ఎనిమిదో నెల.
ఆడకుక్క. సంగటి రంగు.
ఒక చెవి నిలబడింది,
రెండోది ఇంకా ఆలోచన చేస్తా ఉండాది.

తెల్లారి అయిదింటికి మిట్టూరు సందులో
మేమిద్దరం బయల్దేరతాం.
లోకంలో కుక్కలన్నిటికీ కరెంటు స్తంభం చాలు.
దీనికి చాలదు.
వాసన చూస్తాది, మూతి తిప్పుకుంటాది.
జ్యూసు ఫ్యాక్టరీ గేటుదాకా బారుకట్టిన
తోతాపురి ట్రాక్టర్లు, లెక్కలేనన్ని చక్రాలు,
మగకుక్కలకు అది తిరణాల.
ఇది ఒక్క చక్రాన్నీ మెచ్చదు.
రెండ్రోజులుగా ట్రాలీ కిందనే పడుకోనుండే రైతు లేచి
"ఏందిమ్మా, దానికి ఏసీ రూము కావల్నా?" అంటాడు.
ఎచ్చులు అన్నా, ఎచ్చులు.

ఆఖరికి దానికి నచ్చింది
ధనకోటి మేస్త్రీ కొత్తగా సున్నం కొట్టిన ప్రహరీ.
లారీ రివర్సు తీసినట్టు వెనక్కి వెనక్కి పోయి
ముందుకాళ్ళ మీద నిలబడి
వెనకకాళ్ళు రెండూ గోడకెక్కించి
తలకిందులుగా పోస్తాది ఒంటేలు.
ఆ గోడ మీదనే నీలం అక్షరాలు,
"ఇచ్చట మూత్రము పోయరాదు".
రాసినోడి చెయ్యి వంకర,
వరస జారి జారి కాలవ దగ్గరికి దిగింది.
నెల తిరక్కముందే చివరి 'దు' కరిగిపోయి
ఇప్పుడు గోడే పిలుస్తా ఉండాది:
పోయరా.

పశువుల డాక్టరు షఫీవుల్లా అద్దాలు తుడుచుకుంటా
"రోగమేమీ లేదమ్మా. పొట్టిది గదా,
వాసన పైన పెడితే
పొడుగుదనుకుంటారని దాని ఆశ" అన్నాడు.
ఫీజు తీసుకోలేదు. నవ్వు ఆపుకోలేక అనుకుంటా.

ఇంక రెండోది.
ఒకచోట కూర్చోదు. నడస్తానే.
జెరాక్సు షాపు మెట్టుకాడ ఒకటి,
ఇడ్లీ బండి పెట్టే తావుకు ఇవతల ఒకటి,
మలుపులో ఒకటి, మలుపు తిరిగినాక మరొకటి.
స్టేజీకొకటి.
ఇరవై ఎనిమిదేండ్లు ఆర్టీసీలో టికెట్లు కొట్టినదాన్ని,
స్టేజీలు నాకు కొత్తగాదు.
పాత పేపరు నాలుగు ముక్కలు చింపి
వేళ్ళ సందున పెట్టుకోని పోతా.
చిల్లర తగాదా లేదు.

అన్నిటికన్నా పైన ఒక షరతు:
నేను చూడకూడదు.
చూసినానంటే, గోడకెక్కించిన కాళ్ళు దించేసి
నేనేం చేసినా అన్నట్టు నిలబడతాది.

చిత్తూరు–కుప్పం, ఫస్టు ట్రిప్పు.
నీళ్ళు సీసా మూతతో తాగేదాన్ని.
పలమనేరు బస్టాండులో ఆడోళ్ళ గదికి తాళం,
తాళంచెవి సోడా అంగడాయన దగ్గర,
అంగడాయన ఊర్లో లేడు.
మగోళ్ళకయితే
దోవ పొడుగునా స్తంభాలే.

ఏడో నెల కడుపు. మొగిలి ఘాటు.
నేను ఏమీ అడగలేదు.
డ్రైవరు బాలగురవయ్య మలుపులో బండి ఆపి
"టైరు చూడాల. ఎవురూ దిగొద్దు.
ఎడంపక్క షట్టర్లు దించుకోండి, గాలి తోల్తా ఉండాది" అన్నాడు.
ఆకు కూడా కదల్లేదు ఆ పొద్దు.
రాయొకటి ఏరుకోని, కుడిపక్కకు పోయి
నాకు వీపు పెట్టి టైర్లు కొట్టినాడు.
బండికి ఆరే టైర్లు.
బండారు పొదల మాటున కూర్చోని
నేను ఇరవైదాకా లెక్కపెట్టినా.
ఆ మాట మళ్ళీ ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.
రిటైరయ్యే రోజు కూడా
కాఫీ తాగి, ఎండ ఎక్కువగా ఉందనుకున్నాం.

రాగి వెనక్కి వెనక్కి పోతా ఉండాది.
నేను అటు తిరిగి
చేతికర్రతో స్తంభాన్ని కొడతా ఉంటా,
టక్కు, టక్కు,
కావల్సినదానికంటే ఒకటి రెండు ఎక్కువే.

పాలపాకెట్ల పిల్లోడు సైకిలాపి అడిగినాడు,
"ఏం చేస్తా ఉండావు పెద్దమ్మా?"

టైరు చూస్తా ఉండా నాయినా.
నువ్వు పో.